రెండు ‘సైకో’లు: భయానకమూ, దాని నకలూ

మన కళాశాల వార్షిక సంచికకు ఏదైనా వ్రాయవలసిందిగా సంపాదకవర్గం వారు కోరినప్పుడు, తెలుగు పంతులు గనుక ఏ ప్రబంధాన్ని గూర్చియో, ఏ శతకాన్ని గూర్చియో వ్రాస్తాడని వారు భావించి ఉంటారు. కత్తిపోట్ల కథతో కూడిన ఒక అమెరికా చలనచిత్రాన్ని గూర్చి, అందునా విఫలమైనదని పేరుపడ్డ చిత్రాన్ని గూర్చి నేను వ్రాయబూనడం కొందరికి వింతగా తోచవచ్చు. అయితే ఈ వ్యాసానికి బీజం పడింది మన తరగతి గదిలోనే.

బి.ఎ. విద్యార్థులకు రసప్రకరణం చెబుతూ, భయానకానికీ బీభత్సానికీ గల భేదాన్ని వివరించే సందర్భంలో, ‘సైకో’ అనే చిత్రాన్ని ఉదాహరణగా పేర్కొన్నాను. వారం దినాల తరువాత ఒక విద్యార్థిని లేచి నిలబడి, “సార్, మీరు చెప్పిన సినిమా చూశాను. చూడగానే అనుమానం కలిగే మనిషి పిలిస్తే, ఆ అమ్మాయి అతని గదిలోకి వెళ్లి కూర్చుని ఎలా తిన్నది? ఆమెది కూడా తప్పే కదా?” అని అడిగింది. వెనుక బల్లలలోని ఇద్దరు ముగ్గురు అవునన్నట్లు తలలూపారు. నాకు వెంటనే సమాధానం తోచలేదు. ఆ చిత్రాన్ని నేను నాలుగు పర్యాయాలు చూశాను. ఏ పర్యాయమూ నాకు ఆ ప్రశ్న తట్టలేదు. హత్యకు గురైన స్త్రీదే తప్పు అన్న భావన ఒక్క క్షణం కూడా మనసులోకి రాలేదు.

మరికాస్త అడిగి చూస్తే విషయం బయటపడింది. నేను చెప్పినది 1960లో ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ తీసిన నలుపు తెలుపు చిత్రం. ఆ విద్యార్థిని చూసినది అదే పేరుతో, అదే కథతో, 1998లో గస్ వాన్ శాంట్ అనే దర్శకుడు తీసిన రంగుల చిత్రం.

ఇక్కడ ఒక విశేషం ఉన్నది. సాధారణంగా పాత చిత్రాన్ని మళ్లీ తీసేవారు కథను కొంత మారుస్తారు, కాలానికి తగిన హంగులు చేరుస్తారు. వాన్ శాంట్ అలా చేయలేదు. మూల చిత్రానికి జోసెఫ్ స్టెఫానో వ్రాసిన సంభాషణలనే స్వల్పమైన సవరణలతో వాడుకున్నాడు. కెమెరాను హిచ్‌కాక్ ఎక్కడ నిలిపాడో దాదాపు అక్కడే నిలిపాడు. బెర్నార్డ్ హెర్మన్ కేవలం తంత్రీ వాద్యాలతో కూర్చిన సంగీతాన్నే డానీ ఎల్ఫ్‌మన్ చేత మళ్లీ వాయింపజేశాడు. సాల్ బాస్ రూపొందించిన గీతల పేర్లపట్టిక సైతం రంగు మార్చుకొని తిరిగి వచ్చింది. ఒక్క మాటలో, ఇది దృశ్యానికి దృశ్యం నకలు. అటువంటప్పుడు ఒక చిత్రం చూసినవారికి హతురాలి మీద కరుణ కలిగి, రెండవది చూసినవారికి హతురాలి మీదనే నింద ఎట్లా కలిగింది? నా దృష్టిలో ఈ పునర్నిర్మాణం ఎంతవరకు ఫలించిందన్న విచారణ అంతా ఈ ప్రశ్నలోనే ఉన్నది.

కథ ఎరుగని పాఠకుల కోసం క్లుప్తంగా చెబుతాను. కథాంతంలోని రహస్యం కూడా చెప్పక తప్పదు. అరవై ఏళ్లు దాటిన రహస్యం గనుక క్షమిస్తారని నమ్ముతున్నాను. అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్ నగరంలో మారియన్ క్రేన్ అనే యువతి ఒక కార్యాలయంలో ఉద్యోగిని. ఆమె ప్రియుడు సామ్ లూమిస్ తండ్రి చేసిన అప్పులతోను, విడాకులు పొందిన భార్యకు చెల్లించవలసిన భరణంతోను సతమతమవుతూ వివాహాన్ని వాయిదా వేస్తున్నాడు. బ్యాంకులో జమ చేయుమని యజమాని ఇచ్చిన 40,000 డాలర్లతో మారియన్ కారెక్కి పారిపోతుంది. వానరాత్రి దారి తప్పి ఒక పాత మోటెల్ చేరుతుంది. దానిని నడిపే యువకుడు నార్మన్ బేట్స్. పక్కనే గుట్ట మీది ఇంట్లో అతని ముసలితల్లి ఉన్నట్లు మనకు కేకలు వినిపిస్తాయి. మారియన్ స్నానం చేస్తుండగా ఆ తల్లి రూపం వచ్చి కత్తితో పొడిచి చంపుతుంది. తల్లి ఏనాడో మరణించిందనీ, ఆమె దుస్తులు ధరించి, ఆమె గొంతుతో మాట్లాడుతూ హత్యలు చేస్తున్నవాడు నార్మనేననీ చివరకు తెలుస్తుంది.

ఆంగ్లంలో ‘స్లాషర్’ అని పిలిచే కత్తి చిత్రాల వంశవృక్షానికి ఇది మూలపురుషుని వంటిది. 1978లో జాన్ కార్పెంటర్ తీసిన ‘హాలోవీన్’ ఈ ఋణాన్ని బాహాటంగానే ఒప్పుకున్నది. మారియన్‌గా నటించిన జానెట్ లీ కుమార్తె జేమీ లీ కర్టిస్ అందులో నాయిక. అందులోని వైద్యునికి సామ్ లూమిస్ అనే పేరే పెట్టారు. 1980 నాటి ‘ఫ్రైడే ది థర్టీన్త్’ తల్లీకొడుకుల సంబంధాన్ని తిరగేసి చూపింది. 2000 తరువాత ఈ పాత చిత్రాలన్నింటినీ వరుసబెట్టి మళ్లీ తీశారు. 2007లో రాబ్ జాంబీ తీసిన ‘హాలోవీన్’లో హంతకునికి దుర్భరమైన బాల్యం కల్పించి, అతడు అట్లా తయారైనందుకు కారణాలు చూపారు. ఆ చిత్రం మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. కాని అక్కడ మళ్లీ తీసినవాడు తన మాట ఏదో చెప్పదలచుకున్నాడు. వాన్ శాంట్ చెప్పదలచుకున్న మాట ఏదీ పైకి కనబడదు. అంతకుముందు సంవత్సరమే ‘గుడ్ విల్ హంటింగ్’ వంటి విజయం సాధించిన దర్శకుడు, తన చేతికి అందిన అవకాశాన్ని మరొకరి చేవ్రాత మీద దిద్దడానికి వినియోగించాడు.

మా ఉర్దూ శాఖలోని మిత్రునితో ఈ మాట అన్నప్పుడు ఆయన నవ్వి, “పంతులుగారూ, మీరు తొందరపడుతున్నారు. దిద్దడం తప్పెలా అవుతుంది?” అన్నారు. రెండు చిత్రాలూ కలిసి చూద్దామని ఆయనే ప్రతిపాదించారు. వరుసగా రెండు సాయంకాలాలు వారి ఇంట్లో చూశాము. ఆయన వాదన గట్టిది గనుక ఇక్కడ పొందుపరచడం నా విధి.

ఉర్దూ ముషాయిరాలలో ‘తరహీ’ అనే ఆచారం ఉన్నదట. ఒక పాత కవి వ్రాసిన పాదాన్ని ముందుగా ప్రకటిస్తారు. వచ్చిన కవులందరూ అదే ఛందస్సులో, అదే ప్రాసనియమంతో గజల్ చెప్పాలి. దానిని ఎవరూ చౌర్యమనరు. పెద్దలకు చేసే సలాముగానే భావిస్తారు. మనకూ అవధానాలలో సమస్యాపూరణం ఉన్నదిగదా అని ఆయన గుర్తుచేశారు. నేను వెంటనే, “సమస్య ఇచ్చేది ఒక్క పాదమే సాబ్. మిగిలిన మూడు పాదాలూ కవి సొంతం. ఈయన నాలుగు పాదాలూ తెచ్చుకున్నాడు” అన్నాను. నా సమాధానానికి నేనే కొంత మురిసిపోయాను కూడా.

ఆయన అంతటితో వదలలేదు. “సరే, మీ హరిశ్చంద్ర నాటకం సంగతేమిటి? కాటిసీను పద్యాలు ఊరి వారందరికీ కంఠస్థం. అయినా ప్రతి నటుడూ అవే పాడతాడు, జనం ‘వన్స్ మోర్’ అంటారు. అక్కడ నాలుగు పాదాలూ పాతవే కదా?” అన్నారు. నేను తెలుగు వాడినై ఉండి ఈ ఉదాహరణ ఆయన నోటి నుండి వినవలసి వచ్చింది. నిజమే. తెల్లవారుజామున మూడు గంటలకు, తెలిసిన పద్యం కోసం, తెలిసిన కథ కోసం దుప్పటి కప్పుకొని కూర్చున్న జాతి మనది. నకలు అయినంత మాత్రాన ప్రాణం పోతుందనడానికి వీలులేదు. కనుక ‘ఇది నకలు, కాబట్టి చెడ్డది’ అన్న నా మొదటి తీర్పును ఉపసంహరించుకున్నాను. పోయినది ఏదో వేరే ఉన్నది, దానిని వెదకాలి.

రహస్యం ముందే తెలిసిపోవడం వల్ల పోయిందని అనేకుల అభిప్రాయం. 1960లో హిచ్‌కాక్ ఆ రహస్యాన్ని కాపాడడానికి పడ్డ పాట్లు ప్రసిద్ధాలు. చిత్రం మొదలైన తరువాత ఎవరినీ లోనికి అనుమతించరాదని థియేటర్లకు నిబంధన విధించాడు. పేరుపొందిన నటి జానెట్ లీ చిత్రం సగం కాకముందే చనిపోతుందని ఎవరు ఊహించగలరు? అంతవరకు ఇది దొంగసొమ్ము కథ అనుకుంటున్న ప్రేక్షకుని కాళ్లక్రింది నేల ఒక్కసారిగా జారిపోయింది. 1998 నాటికి ఆ స్నానపు గది దృశ్యం ఎరుగని వాడు లేడు. ఈ వాదనలో సత్యం ఉన్నది. కాని అది పూర్తి సత్యం కాదు. ఎందుకంటే నేను పాత చిత్రాన్ని నాలుగవసారి చూసినప్పుడు కూడా, అంతా తెలిసి ఉండి కూడా, నార్మన్ ఫలహారపు పళ్లెంతో వచ్చినప్పుడు అతనిని నమ్మాను. అతని మీద జాలిపడ్డాను. భయం ఆ తరువాతే వచ్చింది. రహస్యం వెల్లడి అయినా నమ్మకం చెడలేదు.

ఆ నమ్మకం ఎక్కడి నుండి వచ్చిందో చూడాలంటే స్నానపు గదిని కాదు, దానికి ముందున్న ఘట్టాన్ని పరీక్షించాలి. మారియన్ తాను లాస్ ఏంజెలస్ నుండి వచ్చానని అబద్ధం చెబుతుంది. నార్మన్ చేయి తాళపుచెవుల వరుస మీద ఒక్క క్షణం తటపటాయించి, కార్యాలయం పక్కనున్న మొదటి గది తాళం తీస్తుంది. గది చూపిస్తూ అన్నింటి పేర్లూ చెప్పినవాడు, స్నానపు గది దగ్గరకు వచ్చేసరికి ఆ మాట ఒక పరస్త్రీ ముందు పలకలేక ఆగిపోతాడు. ఆమే ఆ మాట అందించవలసి వస్తుంది. ఆంథొనీ పెర్కిన్స్ ఆ సిగ్గును నటించిన తీరు చూస్తే, ఆడపిల్లల ముందు తల ఎత్తని పల్లెటూరి కుర్రవాళ్లు గుర్తుకు వస్తారు. తరువాత అతడు రొట్టెముక్కలు, పాలు తెస్తాడు. గదిలోకి రావడానికి సంకోచించి, కార్యాలయం వెనుకనున్న చిన్నగదిలో కూర్చుందామంటాడు. అక్కడ గోడల మీద కూరి నిలబెట్టిన పక్షులు; రెక్కలు చాచిన గుడ్లగూబ. మాటల మధ్యలో మారియన్, తల్లిని ఏదైనా ఆసుపత్రిలో ఉంచకూడదా అని మృదువుగా సూచించేసరికి, అతడు ముందుకు వంగుతాడు, కళ్లు గట్టిపడతాయి. రెండు నిమిషాలలో మళ్లీ అదే బిడియపు నవ్వు.

ఆ గదిలో జరిగినది అంతకంటె పెద్దది. తాను బిగించుకున్న ఉచ్చులో తానే చిక్కుకున్నానని మారియన్‌కు తెలిసివచ్చేది ఆ యువకుని మాటల వల్లనే. తెల్లవారగానే వెనుకకు వెళ్లి డబ్బు అప్పగించాలని ఆమె నిశ్చయించుకుంటుంది. తన గదిలో కూర్చుని, ఖర్చయిన 700 డాలర్లను 40,000లో నుంచి కాగితం మీద తీసివేసి లెక్క చూసుకుని, ఆ కాగితం చించి పారవేసి, తేలికపడిన మనసుతో స్నానానికి వెళ్తుంది. అంటే ఆమెకు మంచిదారి చూపినవాడూ, ఆమెను చంపినవాడూ ఒకడే. ఈ వైపరీత్యం మనసుకు పట్టాలంటే ఆ సంభాషణ జరుగుతున్నంతసేపు మనం కూడా అతని ఎదుట కూర్చుని, కొంచెం చనువుగా, కొంచెం జాలిగా వింటూ ఉండాలి.

కొత్త చిత్రంలో అదే గది, అవే పక్షులు, అవే మాటలు. విన్స్ వాన్ అనే నటుడు నార్మన్. మంచి నటుడే. పెర్కిన్స్ కూడా పొడగరే అయినా సన్నగా, గాలికి వంగే కొమ్మలా ఉంటాడు. వాన్‌ది మల్లుని దేహం. అతడు ద్వారం దగ్గర నిలబడితే వెలుతురు ఆగిపోతుంది. అదే సిగ్గు మాటలు అతని నోట వచ్చేసరికి, ఏదో దాస్తున్నవాని మాటలుగా వినిపిస్తాయి. మధ్య మధ్య నవ్వే ఆ నవ్వు ఒక హెచ్చరికలా ఉంటుంది. హంతకుని వేషం వేసిన వాడు, తాను హంతకుడినని ముందే తెలిసిన వాడిలా నటించాడు. గోడలోని రంధ్రం గుండా మారియన్‌ను చూసే ఘట్టంలో పాత నార్మన్ ఊరక చూస్తాడు. కొత్త నార్మన్ చూస్తూ ఏం చేస్తున్నాడో శబ్దంతో సహా తెలియజేశారు. అంతటితో అతని మీద మిగిలిన కాసింత జాలి కూడా జుగుప్సగా మారిపోతుంది.

ఇక మా విద్యార్థిని ప్రశ్నకు మూలం తెలిసినట్లే. అపాయం ముఖం మీదనే వ్రాసి ఉన్న మనిషి పిలిస్తే వెళ్లిన స్త్రీ మనకు తెలివితక్కువదిగా కనిపిస్తుంది. హంతకుని చూసి ప్రేక్షకుడు ముందే జాగ్రత్త పడితే, జాగ్రత్త పడని ఆమె మీద నేరం పడుతుంది. పాత చిత్రం చెప్పినది దీనికి పూర్తిగా విరుద్ధం. అపాయం ముఖం మీద కనబడదు. అది పాలగ్లాసుతో, బిడియంతో, తల్లిని విడిచి వెళ్లలేని కొడుకు రూపంలో కూడా రావచ్చు. అది గ్రహించలేకపోవడం ఆమె దోషం కాదు. పరాయి ఊళ్లలో హాస్టళ్లలో, అద్దె గదులలో ఉండి చదువుకుంటున్న ఆడపిల్లలు మన తరగతులలో ఎందరో ఉన్నారు. వారికి ఏదైనా జరిగితే ‘ఆ పిల్ల ఎందుకు వెళ్లింది?’ అని మొదట అడిగే లోకమిది. కనుక ఒక పాత్రకు ఏ నటుని ఎన్నుకున్నారన్నది కేవలం కళాసంబంధమైన చర్చగా నాకు తోచడం లేదు.

దీనికి మా మిత్రుడు మరొక ఆక్షేపణ తెచ్చారు. ఈ కథకు ఆధారం 1959లో రాబర్ట్ బ్లాక్ వ్రాసిన నవల. అందులోని నార్మన్ నలభై ఏళ్లవాడు, స్థూలకాయుడు, కళ్లద్దాలు పెట్టుకుని, మద్యం సేవించేవాడు. “అయితే మీ హిచ్‌కాకే మూలాన్ని తప్పాడు కదా! కొత్తాయన దేహం రీత్యా నవలకే దగ్గరగా ఉన్నాడు” అన్నారు సాబ్. ఈ మాట నా వాదాన్ని కూలుస్తుందేమోనని మొదట జంకాను. ఆలోచించిన కొద్దీ బలపరచింది. హిచ్‌కాక్ నవలను దృశ్యానికి దృశ్యం ఎక్కించలేదు. చదువరి నార్మన్ మనసులో జరిగేది పుటలో చదువుకుంటాడు. ప్రేక్షకుడు ముఖం మాత్రమే చూస్తాడు. అందుచేత ముఖం మార్చాడు. భారతాన్ని తెనిగించిన నన్నయ మూలంలోని శ్లోకశ్లోకానికీ పద్యం వ్రాయలేదు. కొన్ని విడిచాడు, కొన్ని కుదించాడు, కొన్ని పెంచాడు. అయినా కవిత్రయాన్ని మూలద్రోహులని ఎవరూ అనలేదు. మూలం చేసిన పనిని తన భాషలో మళ్లీ చేయడం ఒక విశ్వాసం. మూలం ఆడిన మాటలను మళ్లీ ఆడడం మరొకటి. హిచ్‌కాక్ మొదటిది చేశాడు, వాన్ శాంట్ రెండవది.

కాలం మారినప్పుడు అదే మాట అదే పని చేయదనడానికి డబ్బు విషయమే చాలు. చిత్రం ఆరంభంలో డిసెంబరు 11, శుక్రవారం, మధ్యాహ్నం 2 గంటల 43 నిమిషాలు అని తెరమీద వస్తుంది. ఉద్యోగిని భోజన విరామంలో ప్రియునితో ఒక చౌక హోటలు గదిలో ఉన్నది. 1960లో, చిత్రాల నీతినియమావళి ఇంకా అమలులో ఉన్న రోజులలో, అది సాహసం. ఆ రహస్య జీవితపు అవమానం నుండి బయటపడడానికే ఆమె దొంగతనానికి ఒడిగట్టింది. 1998 నాటి అమెరికాలో పెళ్లికాని ఇద్దరు హోటలు గదిలో కలిస్తే చాటున ఏడ్వవలసిన అగత్యం ఎవరికి? ధరలు పెరిగాయి గనుక 40,000ను 4,00,000 డాలర్లు చేశారు. ఆ రోజులలో అంత రొక్కం సంచిలో వేసుకుని ఇల్లు కొనడానికి వచ్చే పెద్దమనిషి ఎక్కడ ఉంటాడు? అంకెకు సున్న చేర్చారు, అవమానానికి మాత్రం ఏమీ చేర్చలేకపోయారు. ఆన్ హేష్ నటించిన మారియన్ దొంగతనం ఒక చిలిపిపనిలా తోస్తుంది. జానెట్ లీ కారు నడుపుతూ అద్దంలో పోలీసును చూసినప్పుడు మన గుండె కొట్టుకున్నట్లు ఇక్కడ కొట్టుకోదు.

ఇక ప్రఖ్యాతమైన స్నానపు గది ఘట్టం. దానిని చిత్రించడానికి హిచ్‌కాక్‌కు ఏడు రోజులు పట్టింది. రక్తానికి బదులు చాక్లెట్ పానకం వాడారు. నలుపు తెలుపులో తేడా తెలియదు. ఆ దృశ్యానికి సంగీతం వద్దని మొదట దర్శకుడు అనుకున్నా, హెర్మన్ కూర్చిన వయొలిన్ల కేకలు విన్న తరువాత మనసు మార్చుకున్నాడు. చిత్రమేమంటే, కత్తి దేహంలో దిగడం మనం నిజంగా చూసేది దాదాపు శూన్యం. ముక్కలు ముక్కలైన దృశ్యాలను కలిపి కుట్టుకునేది మన మనసే. భయానకానికి ఉదాహరణగా అభినవగుప్తుడు కాళిదాసు ‘శాకుంతలం’లోని లేడిని చూపాడు. దుష్యంతుని రథానికి బెదిరి, మెడ తిప్పి తిప్పి చూస్తూ పరుగెత్తే ఆ లేడి నోటి నుండి సగం నమిలిన దర్భలు రాలుతూ ఉంటాయి. బాణం ఇంకా తగలలేదు, గాయం లేదు, అయినా అంతకంటె భయం ఏముంటుంది? గాయం చూపించిన మరుక్షణం స్థాయీభావం భయం నుండి జుగుప్సకు మారుతుంది. వాన్ శాంట్ రంగులలో తీశాడు గనుక రక్తం ఎర్రగా పారింది. వీపు మీది గాయాలు కనిపించాయి. కత్తి వేటుల నడుమ కమ్ముకొచ్చే మేఘాల దృశ్యాలను ఇరికించాడు; తరువాత డిటెక్టివు ఆర్బొగాస్ట్ మెట్ల మీద చనిపోయేటప్పుడు కళ్లకు గంతలు కట్టుకున్న స్త్రీని, దారిలో నిలిచిన పశువును చూపాడు. చనిపోయేవారి మనసులో మెదిలే ఛాయలని కాబోలు ఉద్దేశం. నాకు మాత్రం నకలు వ్రాసే విద్యార్థి, పూర్తిగా నకలు కాదనిపించుకోవడానికి మధ్యలో ఒక సొంతవాక్యం చేర్చినట్లు అనిపించింది. జవాబు పత్రాలు దిద్దేవారికి ఆ వాక్యం వెంటనే దొరికిపోతుంది.

అయినా కొత్త చిత్రంలో మెచ్చదగినవి లేకపోలేదు. ఆకాశం నుండి నగరం మీదుగా ఎగురుతూ వచ్చి ఆ హోటలు గది కిటికీలోకి దూరే ఆరంభ దృశ్యాన్ని ఏకబిగిన తీయాలని హిచ్‌కాక్ ఆశించినా ఆనాటి సాధనాలతో సాధ్యపడక, వేర్వేరు దృశ్యాలను ఒకదానిలో ఒకటి కలుపుకున్నాడు. ముప్పది ఎనిమిదేళ్ల తరువాత అది హెలికాప్టరు సహాయంతో నెరవేరింది. ఆ ఒక్కచోట శిష్యుడు గురువు ఋణం తీర్చుకున్నాడు. మారియన్ సోదరి లైలాగా జూలియాన్ మూర్ పాత చిత్రంలో కంటె చురుకుగా, ధైర్యంగా ఉంటుంది. ఆర్బొగాస్ట్‌గా విలియం మేసీ చక్కగా ఇమిడిపోయాడు. చివర మానసిక వైద్యుడు చేసే సుదీర్ఘోపన్యాసాన్ని కుదించడం కూడా మంచిపనే. పాత చిత్రంలో నాకు ఎన్నడూ రుచించనిది అదొక్కటే. సుమారు 8 లక్షల డాలర్లతో, టెలివిజన్ బృందంతో తీసిన చిత్రాన్ని మళ్లీ తీయడానికి 6 కోట్ల డాలర్లు వెచ్చించారనీ, అందులో చాలా భాగం తిరిగి రాలేదనీ చెబుతారు. ఆ ఏటి అధమ చిత్రాలకు పరిహాసంగా ఇచ్చే బహుమతులలో రెండు దీనికి దక్కాయి. అంత పరిహాసం అవసరం లేదని నా అభిప్రాయం. నిజాయితీగా ఓడిపోయిన ప్రయోగం అది.

మూడవ సాయంకాలం మా మిత్రుడే మళ్లీ కబురు పంపారు. ఈసారి పూర్తి చిత్రాలు కాక, ఒకే ఘట్టాన్ని రెండింటిలోనూ చూద్దామన్నారు. నార్మన్ శవాన్ని కారులో పెట్టి, గదిని కడిగి తుడిచి, కారును బురదగుంటలోకి నెట్టే ఘట్టం. కారు మునుగుతూ మునుగుతూ సగంలో ఆగిపోతుంది. పెర్కిన్స్ నోట్లో ఏదో తినుబండారం నములుతూ ఉన్నవాడు నమలడం ఆపి, అటూ ఇటూ చూస్తాడు. అప్పుడు గదిలో కూర్చున్న మేమిద్దరం కూడా ఊపిరి బిగబట్టాము. కారు మళ్లీ కదిలి మునిగిపోగానే మాకు కలిగినది ఉపశమనం! నిర్దోషిని చంపి దాచిన సాక్ష్యం మునిగిపోతే మనకెందుకు ఉపశమనం? తల్లి చేసిన నేరాన్ని కప్పిపుచ్చుతున్న కొడుకు అని ఆ క్షణంలో నమ్ముతాము గనుక. చివర అసలు సంగతి తెలిసినప్పుడు, మనం ఎవరి పక్షాన ఊపిరి బిగబట్టామో గుర్తుకు వచ్చి సిగ్గు కలుగుతుంది. కొత్త చిత్రంలోనూ కారు అక్కడే ఆగింది, అంతసేపే ఆగింది. సాబ్ గడియారం చూసుకున్నారు. ఆయన చూసుకున్నందుకు ఆయనకే నవ్వు వచ్చింది. అయితే హరిశ్చంద్ర మాటను మాత్రం ఆయన వెనుకకు తీసుకోలేదు. “పద్యం తప్పు కాదు పంతులుగారూ, గొంతు తప్పు” అన్నారు. అందులో నాకు పేచీ లేదు.

ఆ విద్యార్థినికి పాత చిత్రం చూడుమని చెప్పాను. నలుపు తెలుపు చిత్రమనేసరికి ముఖం చిన్నబుచ్చుకున్నది గాని, చూసింది. తరువాతి వారం తరగతి అయిపోయి అందరూ వెళ్తుండగా నా బల్ల దగ్గర ఆగింది. నేను ఏమీ అడగలేదు. పుస్తకాలు సర్దుకుంటూ, “ఆ రొట్టె నేనైనా తినేదాన్నే సార్” అని మెల్లగా అన్నది.